మిషను ఉంది సార్, కానీ నడవదు

(హన్మకొండలో రేడియోలు, మిక్సీలు, యూపీఎస్‌లు, వీడియో గేములు బాగు చేస్తూ వచ్చిన పాత మెకానిక్ ఒకరు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే మిషను చుట్టూ తిరిగాయి.)

ప్ర: చిన్నప్పుడు మా బాబాయి వాళ్ల పాత కంప్యూటర్‌లో, విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చే పిన్‌బాల్ గంటల కొద్దీ ఆడేవాణ్ని. అసలు మిషను మీద ఒక్కసారైనా ఆడాలని కోరిక. హన్మకొండలో రెండు గేమ్ జోన్లకు, హైదరాబాద్‌లో ఒకదానికి ఫోన్ చేశాను. మూడు చోట్లా "ఉంది" అన్నారు. హన్మకొండలో చూపించినవి పిన్‌బాల్ కానే కావు. హైదరాబాద్‌లో నిజంగానే ఉంది, కానీ మీద కవర్ కప్పి ఉంది. "నడవదు" అన్నారు. రైలు చార్జీలు, ఒక ఆదివారం దండగయ్యాయి. మన వైపు ఆడదగ్గ మిషను దొరకాలంటే ఎలా వెతకాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జ: తమ్ముడూ, ఫోన్ ఎత్తిన ముగ్గురిలో ఒక్కరూ అబద్ధమాడలేదు. కౌంటర్‌లో కూర్చునే పిల్లవాడికి గుండు ఉన్న ప్రతి మిషనూ పిన్‌బాలే. పై నుంచి గుండు వదిలితే మేకుల మధ్య దొర్లి ఏదో ఒక గుంటలో పడి, బర్రున టికెట్లు వచ్చే మిషను ఒకటుంటుంది, అదీ పిన్‌బాలే. పొడుగాటి టీవీని పడుకోబెట్టి దాని మీద బొమ్మ గుండును తిప్పే మిషను ఇంకొకటి, అదీ పిన్‌బాలే. నీకు హన్మకొండలో చూపించినవి ఈ రెండే అయి ఉంటాయి.

అందుకని "పిన్‌బాల్ ఉందా" అని అడగకు. ఇలా అడుగు: "అన్నా, అద్దం కింద నిజం ఇనుప గుండు ఉంటదా? పక్కల బటన్లు ఒత్తితే కింద రెండు రెక్కలు లేస్తయా?" ఈ రెక్కలనే ఫ్లిప్పర్లు అంటారు. అవి లేనిది నువ్వు వెతుకుతున్న ఆట కాదు. అవునన్నాక రెండో ప్రశ్న: "ఇయ్యాల ఎవరన్న దాని మీద ఆడిండ్రా?" నడుస్తుందా అంటే నడుస్తుందనే చెప్తారు. ఇవాళ ఎవరైనా ఆడారా అంటే మాత్రం లేచి వెళ్లి చూసి రావాల్సిందే. ఇక మూడోది: "దాని తాళం చెవి ఎవరి దగ్గరుంటది?"

ఈ మూడో ప్రశ్న విని నవ్వుకోకు. నా అనుభవంలో మిగతా రెండింటి కంటే ఇదే గట్టిది.

1986లో నేను వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక రేడియో మెకానిక్ దగ్గర పనికి కుదిరాను. సినిమా హాలు పక్క సందులో ఒకాయన రెండు వీడియో గేములు, ఒక పిన్‌బాల్ పెట్టాడు. పిన్‌బాల్ బొంబాయి నుంచి లారీలో వచ్చింది. అంతకు ముందు అమెరికాలో ఎన్నేళ్లు ఆడించారో గానీ, గుండు దొర్లే పలక మీద రంగు అరిగి చెక్క కనపడేది. తెరలూ గిరలూ ఏమీ లేవు. స్కోరు అంకెలు చక్రాల మీద గిర్రున తిరిగేవి, పాయింటు పడితే లోపల నిజం గంట మోగేది. దాని చిల్లులో పావలా డాలర్ తప్ప ఏదీ పట్టదు. మన రూపాయి వేస్తే కిందికి దిగదు. ఓనరు పెంబర్తి వైపు చుట్టం ఒకాయనతో అదే కొలతకు ఇత్తడి బిళ్లలు కొట్టించాడు. రూపాయికొక బిళ్ల. వాటిలో ఒకటి ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలో ఉంది.

రోజూ పొద్దున సైకిల్ మీద వెళ్లి దాన్ని తెరవడం నా పని. ఇరుక్కున్న గుండు తీయాలి, అద్దం తుడవాలి, మాడిన బల్బు మార్చాలి, వదులైన రబ్బరు రింగు సరిచేయాలి. అంతా కలిపి పది నిమిషాలు. ఒక ఎండాకాలం టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. లేచి వెళ్లేసరికి ఆ మిషను మీద కూల్‌డ్రింకు క్రేట్లు పేర్చి ఉన్నాయి. ఏం పాడైందని అడిగితే ఓనరుకు తెలియదు. విప్పి చూశాను. ఒక గుండు ఒక స్తంభం వెనక ఇరుక్కుంది. అంతే! తాళం నా జేబులో ఉంది, నేను మంచంలో ఉన్నాను.

ఇవాళ్టి పరిస్థితీ అదే. చాలాచోట్ల మిషను హాలు వాళ్లది కాదు, కాంట్రాక్టు మీద పెట్టిన వాళ్లది. తాళం ఆ కంపెనీ మనిషి దగ్గర, ఆ మనిషి వేరే ఊళ్లో. "తాళం ఇక్కడ్నే ఉంటది, మా సార్ తీస్తడు" అన్నారంటే టికెట్ కొనుక్కో. "కంపెనోళ్లు రావాలె" అంటే కొనకు.

ఎక్కడ వెతకాలంటే, వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూళ్లలో నేను తిరిగిన చోట్ల ఇప్పుడు ఆడే మిషను నా కంట పడలేదు. హైదరాబాద్‌లో పెద్ద మాల్స్ గేమ్ జోన్లు, పాత క్లబ్బులు, ఊరి బయట రిసార్టుల్లోని ఆటల గదులు, వీటికి ఫోన్ చెయ్యి. పాత క్లబ్బుల్ని చిన్నచూపు చూడకు. బిలియర్డ్స్ టేబులును ఒద్దికగా ఉంచుకునే చోట పిన్‌బాల్‌ను కూడా ఒద్దికగానే ఉంచుతారు. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు ఎలాగూ పోతే ఆటల వైపు ఒక చుట్టు తిరుగు, దాని కోసమే రైలెక్కకు. పిన్‌బాల్ మ్యాప్ అని ఆటగాళ్లే నింపుకునే పటం ఒకటి ఫోన్‌లో దొరుకుతుంది. ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఏ పేరు మిషను ఉందో అందులో పెడతారు. బెంగళూరో బొంబాయో పోయేటప్పుడు తప్పకుండా చూసుకో. అందులో చుక్క కంటే దాని కింద ఉండే తేదీ ముఖ్యం. ఆఖరిసారి ఎవరు ఎప్పుడు చూసి రాశారన్నది అక్కడ ఉంటుంది. రెండేళ్ల కిందటి చుక్కను నమ్మి వెళ్తే మళ్లీ కవర్ కప్పిన మిషనే.

అసలు ఇన్ని మాల్స్ వచ్చినా ఈ మిషను ఎందుకింత అరుదు? ఒక కారణం, ఇది తయారయ్యేదే తక్కువ. 1992లో వచ్చిన ఆడమ్స్ ఫ్యామిలీ అనే ఒక్క మోడలే 20,270 మిషన్లు అమ్ముడుపోయింది. ఏడేళ్ల తర్వాత, 1999లో, దాన్ని బాలీ పేరుతో చేసిన విలియమ్స్ కంపెనీయే పిన్‌బాల్ విభాగం మూసేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు షికాగో దగ్గరి స్టెర్న్ ఒక్కటే చెప్పుకోదగ్గ కంపెనీగా మిగిలింది. 2011లో జెర్సీ జాక్ మొదలైంది. రెండో కారణం, కారు రేసు గేముకు తుడుపు గుడ్డ చాలు, దీనికి మనిషి కావాలి. హాలు వాళ్లు లెక్క వేసుకుంటారు కదా.

సరే, మిషను దొరికింది, దాని ముందు నిలబడ్డావు. కార్డులో డబ్బు వేయించే ముందే ఒకసారి చూపు సారించు. కొన్ని చోట్ల 500 రూపాయలకు తక్కువ కార్డు చేయరు, మిగిలింది తిరిగివ్వరు. నాకూ ఒకచోట అలా 380 రూపాయలు కార్డులోనే ఉండిపోయాయి. ఆడింది రెండాటలు, రెండింట్లోనూ ఎడమ ఫ్లిప్పర్ లేవలేదు.

1990ల్లో వచ్చిన విలియమ్స్, బాలీ మిషన్లయితే తెర మీద క్రెడిట్ల (మిగిలిన ఆటల) అంకె చూడు. అంకె పక్కన చిన్న చుక్క ఉంటే, తనలో ఏదో స్విచ్ పనిచేయడం లేదని మిషను తనకు తాను కనిపెట్టుకుందని లెక్క. మెకానిక్ కోసం పెట్టిన గుర్తది. చుక్క ఉన్నంత మాత్రాన ఆట ఆగిపోదు, కానీ అది చూశాక కౌంటర్‌లో "ఒక ఆట ట్రయల్ ఇయ్యండి" అని అడిగే హక్కు నీకుంది. పది బల్బులు వెలగకపోయినా పట్టించుకోకు. రెండు ఫ్లిప్పర్లూ లేవాలి, బటన్ పట్టుకున్నంతసేపూ లేచే ఉండాలి, పడిపోయిన గుండు మళ్లీ స్ప్రింగు ముందుకు రావాలి. ఈ మూడూ ఉంటే ఆట ఉన్నట్టే. గుండు ఎక్కడైనా ఇరుక్కుంటే అద్దం గుద్దకు. కాసేపాగితే మిషనే లోపలి కాయిల్స్ (గుండును కొట్టే తీగ చుట్టలు) అన్నింటినీ టకటకా కొట్టి గుండును వెతుక్కుంటుంది.

ఫ్లిప్పర్ బలం మొదటి ఆటలో తెలియదు. కాయిల్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరిగి దెబ్బ తగ్గుతుంది. పొద్దున గుండును ర్యాంపు పైదాకా కొట్టిన ఫ్లిప్పర్ సాయంత్రానికి సగం దాకే కొట్టగలుగుతుంది. అందుకే ఆదివారం సాయంత్రం వద్దు, మామూలు రోజు హాలు తెరిచిన గంటలో వెళ్లు. కౌంటర్‌లో మనిషి కూడా తీరిగ్గా ఉంటాడు.

ఇంకొక్క మాట. లోపం కనపడితే "మిషను ఖరాబైంది" అని చెప్పి రాకు. "కుడి ఫ్లిప్పర్ లేస్తుంది గానీ నిలబడటం లేదు" అని చీటీ మీద రాసివ్వు. ఖరాబైందంటే కవర్ కప్పుతారు. ఫలానాది అంటే మెకానిక్‌కు ఫోన్ చేస్తారు.

ప్ర: మా క్లబ్బు స్టోరు గదిలో పాత సామాన్ల వెనక ఒక పిన్‌బాల్ మిషను బయటపడింది. 25 ఏళ్లుగా ఎవరూ ముట్టలేదు. ప్లగ్గు పెట్టి చూద్దామని కుర్రాళ్లు అంటున్నారు. పెట్టొచ్చా?
– రిటైర్డ్ ఉద్యోగి, మంచిర్యాల

జ: సార్, కుర్రాళ్లను ఆపండి. ఈ ఉత్తరం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, ఒకటి సంతోషంతో, రెండోది ఆ ప్లగ్గు మాటతో.

మొదట వెనక వైపు అంటించిన చీటీ చదవండి. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. చాలా మిషన్ల ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండింటికీ వీలుంటుంది, కానీ లోపల తీగ ఏ కొసకు కలిపారో చూడకుండా ప్లగ్గు పెడితే పొగ వస్తుంది. మా సందులో ఓనరు ఒకసారి వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి నేరుగా గోడకు తగిలించాడు. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

తర్వాత ముందు తలుపు, పై అద్దం తీయించి టార్చ్ వేసి చూడండి. ఎలుకల గూడు ఉంటుంది. లేదంటే మీ క్లబ్బు స్టోరు మా ఇంటికన్నా శుభ్రంగా ఉన్నట్టు లెక్క. కొరికిన తీగలన్నింటినీ ఫొటో తీయండి. స్కోరు చక్రాల మీద కాకుండా ఎర్రగానో నీలంగానో వెలిగే అంకెల్లో వచ్చే రకమైతే లోపల ఒక బోర్డు, దాని మీద బ్యాటరీ ఉంటాయి. ఇన్నేళ్లకు ఆ బ్యాటరీ కారి, చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. ముందు దాన్ని తీసేయించండి. ఈ మిషన్లు చచ్చేది ఎక్కువగా ఆ చిలుముతోనే. ఆ బోర్డు పని ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు చేయాలి.

ఫ్యూజులు అన్నీ తీసి, మీద రాసిన ఆంపియర్లతో పోల్చండి. ఎవరో ఒకచోట సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టే ఉంటారు. అది ఉన్న చోటే అసలు రోగం ఉంటుంది. ఫ్లిప్పర్ కాయిల్‌కు వెళ్లేది 50 వోల్టుల దాకా, కొన్నింట్లో అంతకన్నా ఎక్కువే ఉంటుంది, చెయ్యి పెట్టేది ప్లగ్గు తీసాకే.

స్విచ్ కాంటాక్టుల దగ్గర మా వాళ్లు కూడా పొరపాటు చేస్తారు. స్కూటర్ ప్లాటినం పాయింట్లు గీకినట్టు అన్నింటినీ ఆకురాయితో గీకేస్తారు. పాత రకం ఫ్లిప్పర్ దగ్గరి లావు కాంటాక్టు అయితే గీకొచ్చు, అది టంగ్‌స్టన్. వెలిగే అంకెల రకంలో పలక మీద స్కోరు పడే సన్న కాంటాక్టులకు బంగారు పూత ఉంటుంది. గీకితే పూత పోయి మళ్లీ మళ్లీ మొరాయిస్తుంది. వాటి మధ్య దళసరి కాగితం పెట్టి నొక్కి నాలుగుసార్లు లాగితే చాలు. నేను శుభలేఖలు కత్తిరించి వాడేవాణ్ని. మా ఉస్తాద్ కూతురి పెళ్లి శుభలేఖలు మిగిలినవి ఆ మిషనుకు రెండేళ్లు సరిపోయాయి.

రబ్బరు రింగులు మీ దగ్గరి ఎండలకు అప్పడాల్లా పెళుసెక్కి ఉంటాయి, అన్నీ మార్చాల్సిందే. గుండుకు తుప్పు పడితే దాన్ని రుద్ది వాడకండి, పలకను గీరేస్తుంది. దాని కొలత 27 మిల్లీమీటర్లు, బరువు 80 గ్రాములు. బేరింగుల దుకాణంలో అడగండి. కదిలించేటప్పుడు నలుగురు మనుషుల్ని పెట్టండి, మిషను 100 కిలోలకు పైనే ఉంటుంది.

మిషను పేరు, అద్దం బొమ్మ ఫొటో పంపండి. కాజీపేట నుంచి మంచిర్యాలకు రైళ్లకేం కొదవ, నేనే వస్తాను.

ప్ర: మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. పిన్‌బాల్ ఆడాలని స్నేహితులతో హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. మా వారు అది జూదం మిషను, పోవద్దని గొడవ. ఏది నిజం?
– గృహిణి, పరకాల

జ: అమ్మా, మీ వారి అనుమానం న్యూయార్క్ నగరానికీ వచ్చింది. 1942లో అక్కడి మేయర్ లా గార్డియా పిన్‌బాల్‌ను నిషేధించి, మిషన్లను సుత్తులతో పగలగొట్టించాడు. అప్పట్లో ఆ మాటలో కొంత న్యాయముంది. 1931లో గాట్లీబ్ కంపెనీ బాఫుల్ బాల్ తెచ్చినప్పుడు మిషనుకు ఫ్లిప్పర్లు లేవు. స్ప్రింగు లాగి వదిలితే గుండు తన దారిన తాను పోయేది, జనం దాని మీద పందేలు కట్టేవాళ్లు. 1947లో అదే కంపెనీ హంప్టీ డంప్టీలో ఫ్లిప్పర్లు పెట్టాక ఆట ఆడేవాడి చేతికి వచ్చింది. అయినా నిషేధం పోవడానికి 1976 దాకా పట్టింది. రోజర్ షార్ప్ అనే కుర్రవాడు నగర పెద్దల ముందు మిషను పెట్టించి, గుండు ఫలానా దారిలోంచి పోతుందని ముందే చెప్పి స్ప్రింగు వదిలాడు. అలాగే పోయింది. నేర్పుతో ఆడే ఆటేనని ఒప్పుకున్నారు.

ఇంట్లో ఇలా తేల్చుకోండి. గెలిస్తే ఇంకో ఆట వచ్చే మిషను అయితే అబ్బాయిని పంపండి. గెలిస్తే పైసలిచ్చే మిషను అయితే మీ వారి మాటే రైటు. ఖర్చు సంగతి వేరు, కార్డులో ఎంత వేయిస్తాడో ముందే మాట తీసుకోండి.

ప్ర: ఆడేటప్పుడు మిషనును ఊపితే మోసమా? స్నేహితుడితో పందెం కట్టాను.
– హన్మకొండ పాఠకుడు

జ: కొంచెం తట్టడం ఆటలో భాగమే. ఎక్స్‌పీ గేములో కూడా దానికి వేరే బటన్లు ఇచ్చారు. లోపల మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు లాంటిది ఒకటి రింగు మధ్యలో వేలాడుతుంటుంది. ఎక్కువ ఊపితే అది రింగుకు తగిలి 'టిల్ట్' పడుతుంది, ఫ్లిప్పర్లు చచ్చిపోతాయి, ఆ గుండు పోయినట్టే. పందెం ఎవరు గెలిచారో మీరే చూసుకోండి.

ప్ర: తాతయ్యా, నేను ఏడో తరగతి. మా ఊళ్లో మాల్ లేదు. పిన్‌బాల్ ఇంట్లో చేసుకోవచ్చా?
– జమ్మికుంట

జ: ఎందుకు చేసుకోలేవు బిడ్డా! 1871లో రెడ్‌గ్రేవ్ అనే ఆయన గుండును నెట్టే స్ప్రింగు ప్లంజర్‌కు పేటెంట్ తీసుకున్నప్పుడు ఉన్నది ఒక పలక, కొన్ని మేకులు, గోళీలే. కరెంటు లేదు.

మీటరు పొడుగు ప్లైవుడ్ ముక్క తీసుకో. దాని తల వైపు కింద ఇటుక పెట్టి 11 సెంటీమీటర్లు ఎత్తు లేపు. పెద్ద మిషన్ల వాలు ఆరున్నర డిగ్రీలు, లెక్క కడితే అంతే వస్తుంది. అడ్డంగా మాత్రం ఎటూ వాలకూడదు. పక్కింట్లో మేస్త్రీ ఉంటే రసమట్టం అడుక్కో. అంచులకు బద్దలు కొట్టు. మేకులు జంటలుగా దిగ్గొట్టి వాటికి రబ్బరు బ్యాండ్లు తగిలించు, గోళీ తగిలితే ఎగిరి వస్తుంది. రెక్కలకు ఐస్‌క్రీం పుల్లలు పెట్టొద్దు, విరుగుతాయి. పగిలిన స్కేలు ముక్కలు రెండు చాలు. ఒక్కోదాన్ని బయటి కొసకు కొంచెం ఇవతల ఒక మేకు మీద తిరిగేలా పెట్టి, ఆ బయటి కొసకు దారం కట్టి కిందికి లాగు. వెనక్కి రావడానికి ఇంకో రబ్బరు బ్యాండు.

మొదటి రోజు గోళీ నేరుగా రెక్కల మధ్య నుంచి పడిపోతూనే ఉంటుంది. అప్పుడు ఆ రెండు మేకులు ఒక సెంటీమీటరు దగ్గరికి జరుపు. రెక్కలు వాలి ఉన్నప్పుడు కొసల మధ్య గోళీన్నర సందు ఉండాలి. మరీ తగ్గిస్తే గోళీ పడనే పడదు, మీ చెల్లి వచ్చి నేను ఆడను పో అంటుంది.